నూనె వెయ్యని చక్రం

మా పిట్టల కేంద్రంలో ఉండేది ముగ్గురం, ముగ్గురమూ ఒకే ఇంటివాళ్ళం. వదిన పక్షుల డాక్టరు. అన్నయ్య రిపేర్లు చేస్తాడు, అంటే చేస్తానంటాడు. నేను పురుగులు తరిగి కూనలకు పెట్టేదాన్ని, అందుకే ఇద్దరూ నన్ను పురుగుల రాణీ అని ఏడిపిస్తారు. ఏడిపించనీ. ఈ రాణి పెట్టకపోతే ఆ కూనలు ఒక్క పూట బతికేవి కావు.

కూనలంటే మంచుపిట్ట కూనలు. బొటనవేలంత పిట్ట, కొండ మీది అడవిలో తప్ప ఇంకెక్కడా బతకదు. వదిన కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి దాని పాట విని అక్కడే మనసు పారేసుకుంది. పెళ్ళయ్యాక కూడా అన్నయ్యది రెండో స్థానమే. ఆవిడ చూస్తుండగానే కొండ మీది పిట్టలు తరిగిపోయి, చివరికి నుదుట తెల్లమచ్చ ఉన్న ముసలి మగపిట్ట ఒక్కటే మిగిలింది. అది పోతే పాటా పోతుంది. అందుకే మిగతావి పోతూ వదిలిన ఆఖరి గూళ్ళలోంచి గుడ్లు తెచ్చి కేంద్రంలో పొదిగించింది.

ఈ పిట్టలకు పాట పుట్టుకతో రాదు, చిన్నప్పుడు విని నేర్చుకోవాలి. వదిన ముసలిదాని పాట రికార్డు చేసి, కూనల గదిలో స్పీకరు పెట్టి పొద్దస్తమానం వినిపించింది. ఆ గదిలో మేం నోరు విప్పకూడదు. తుమ్మొస్తే బయటికి పరుగెత్తాలి. ఒకసారి అన్నయ్య మరిచిపోయి ఈల వేస్తే ఆవిడ అతనితో వారం రోజులు మాట్లాడలేదు.

నా పురుగుల బండి చక్రం ఒక్కటే కీచుమనేది. కాస్త నూనె వెయ్యమని అన్నయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. రేపు అనేవాడు. ఆయనగారి రేపు ఏ క్యాలెండర్లోనూ లేదు. వదినకూ చెప్పాను. చక్రం గోల పాట కాదుగా, దాన్ని పిట్టలు పట్టించుకోవులే అంది.

మగకూనలు మొదటి వసంతం దాకా గొంతు విప్పవు. ఆ వసంతం రాగానే అన్నిటినీ కొండ మీదికి తీసుకెళ్ళి పంజరాల తలుపులు తెరిచాం. ముసలిది ఎక్కణ్ణించో వచ్చి పై కొమ్మ మీద వాలి పాడింది. ఎంత బాగా పాడిందంటే, వదిన మనసు ఎందుకు పారేసుకుందో నాకు ఆరోజే అర్థమైంది. ఆవిడ నా చెయ్యి నలిపేస్తోంది. మా ఆడపిట్టలకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఈకలు సర్దుకుంటూ కూర్చున్నాయి.

అప్పుడు మా మగపిట్టల్లో ఒకటి రొమ్ము పొంగించి నోరు తెరిచింది.

కీ...చ్. కిర్ర్. కీ...చ్.

బండి ఎవరు తోస్తున్నారా అని చటుక్కున వెనక్కి తిరిగాను. బండి కింద కేంద్రంలో ఉంది. ఆడపిట్టలన్నీ తలలు తిప్పి, ఎగిరి వెళ్ళి దాని పక్కన వాలాయి. ఇంకో మగపిట్ట అందుకుంది, ఆ వెనక మరొకటి. ఏ కొమ్మ చూసినా నా బండే మోగుతోంది. అన్నయ్య నోరు వెళ్ళబెట్టాడు. వదిన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నాకప్పుడు వెలిగింది. స్పీకరు ఎంత పాడినా వాటికి ఒక్క పురుగూ పెట్టలేదు. తిండి వచ్చింది ఆ కీచుతోనే. వాటికి అమ్మ గొంతు అదే.

ముసలిది పైన ఇంకా పాడుతూనే ఉంది. వినేవాళ్ళు లేరు.

వదిన కొండ మీదే గుడారం వేసుకుని ఉండిపోయింది. వినగా వినగా కుర్రపిట్టలు ముసలిదాని పాట నేర్చుకుంటాయని ఆవిడ ఆశ. అన్నయ్య కేంద్రానికి రాగానే చక్రానికి డబ్బాడు నూనె పోశాడు. జన్మలో మొదటిసారి చెప్పిన పని చేశాడు. ఇప్పుడు దేనికని కడిగేద్దామనుకున్నాను గానీ, అతని మొహం చూసి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు బియ్యం, కూరలు పట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య చేసిన ఘనకార్యం చెబుతుంటే కొమ్మల్లోంచి కీచు వినబడింది. ఈ వెధవలు ఇంకా మానలేదా అన్నాను. వదిన బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టి వేలు చూపించింది.

నుదుట తెల్లమచ్చ. ముసలిదే. మెడ సాచి, గొంతు బిగించి, నానా అవస్థా పడి నా బండి చక్రంలా కీచుమంటోంది. దాని పక్కనే మా ఆడపిట్ట ఒకటి నోట నాచు కరుచుకుని కూర్చుంది.

గూడు కడుతున్నాయా అని అడిగాను. కడుతున్నాయంది. మరి పాత పాట? మానేసిందంది. సంతోషించాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

వదిన ఏడవలేదు. ఆ కొమ్మకేసే చూస్తూ మెల్లగా అంది.

"వచ్చే ఏడు కూనలకు ఇదే నేర్పాలి కదా. మీ అన్నయ్యకు ఫోన్ చేసి అడుగు, ఆ నూనె తుడిచేస్తే చక్రం మళ్ళీ కీచుమంటుందేమో."