చెయ్యెత్తితే

ఉదయం ఏడు గంటలకే మహానంది కూడలి మధ్య, సున్నం కొట్టిన దిమ్మె మీద నిలబడి చేతులాడిస్తున్నాడు. మోకాళ్లు దాటని ఖాకీ నిక్కరు, ఎర్ర అంచు తలపాగా, చంకల్లో అప్పుడే చెమట. కర్నూలు రాజధాని అయినప్పటినుంచీ ఈ నాలుగు రోడ్లకు తీరిక లేదు. కార్లు, జీపులు, వేరుశనక్కాయల లారీలు. జనం మాత్రం మారలేదు. నడిరోడ్డులో నిలబడి పెళ్లిసంబంధాలు మాట్లాడుకుంటారు. వాళ్లమీద అరిచి అరిచి రెండేళ్లలో అతని గొంతు బొంగురుపోయింది.

ఆత్మకూరు కూలి ఓబన్న కొడుకతను. ఉద్యోగం వచ్చిన రోజు తల్లి దిష్టి తీసింది గానీ, పన్నెండేళ్లలో ఒక్క దొంగనైనా పట్టింది లేదు. ఊళ్లో అతని మాట తు.చ. తప్పకుండా వినే మనిషంటూ ఉంటే అది గిడ్డమ్మే.

కరువుకు కోసిగి విడిచి వచ్చి, వేపపుల్లలు అమ్ముకునే ముసలిది. కళ్లకు పొరలు. మొదటిరోజే ఆమెకు చెప్పాడు: "నేను చెయ్యెత్తితే బండ్లు నిలబడతాయి. అప్పుడు నడువు అవ్వా." అప్పటినుంచీ రోజూ రోడ్డంచున నిలబడి అతని చెయ్యి కోసమే చూసేది. అతను చెయ్యెత్తి, దిమ్మె దిగి, లాఠీ కొన అందించి అవతలికి నడిపించేవాడు. ఆమె మోపులోంచి ఒక పుల్ల తీసి ఇచ్చేది. అతని పుల్లకు ఇంటిదగ్గరే కొన బెరడు గీకి, ఎర్రదారం కట్టి ఉంచేది.

నిన్న ఇన్‌స్పెక్టరు అది చూశాడు.

"నువ్వు పోలీసువా, ముసల్దాని ఊతకర్రవా?"

జీపులో వాళ్లంతా నవ్వారు. మహానందికి రాత్రి అన్నం సయించలేదు.

ఈరోజు మళ్లీ జీపు మూలన ఆగి ఉంది. అప్పుడే గిడ్డమ్మ మోపుతో వచ్చింది.

"ఏమప్పా, నడిచేదా?"

అటునుంచి లారీ వస్తోంది. దిగిపోయి లాఠీ అందిస్తే సరిపోయేది. కానీ జీపువైపు చూడకుండానే అతనికి నవ్వులు వినిపించాయి. దిగలేదు. అక్కడే ఆగమని ఆమెవైపు అరచెయ్యి ఎత్తాడు.

చెయ్యెత్తినాడు గదా అని గిడ్డమ్మ నడిచింది.

"అవ్వా, నిలబడు!" అన్న కేక లారీ బ్రేకు చప్పుడులో కలిసిపోయింది.

ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చాడు.

"చెయ్యెత్తి ఆపినా సార్. ఆయమ్మే వచ్చె" అన్నాడు మహానంది.

ఒక్క మాటా అబద్ధం కాదు. నిజం చెప్పి తల ఎత్తలేకపోవడం అతనికి ఇదే మొదలు. "నీ తప్పేం లేదు" అని ఇన్‌స్పెక్టరు భుజం తట్టాడు. ఆ తట్టినచోట సాయంత్రం దాకా సిగ్గుగానే ఉంది.

పొద్దు వాలుతుండగా, ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయిన జట్కా ఇమాం వలి దిమ్మె పక్కన బండి ఆపాడు.

"ముసలమ్మ పాయప్పా. నిన్నేమీ అన్లేదు. 'పోలీసప్ప చెయ్యెత్తినాడే, బండి యాల నిలబడలేదో' అనుకుంటానే పాయె."

ఆ చెయ్యి బండికి కాదని, ఆమెకే ఎత్తానని చెప్పడానికి మహానంది నోరు తెరిచాడు. వెనక కారు హారను కొట్టింది. జట్కాను పొమ్మని చెయ్యి ఊపాడు.

రోడ్డు మీద చెదిరిన పుల్లలను పొద్దున్నే ఎవరెవరో ఏరుకుపోయారు. దిమ్మె మొదట్లో ఒక్కటి మిగిలింది, కొన బెరడు గీకి, ఎర్రదారం కట్టినది.