తొమ్మిది సెకన్ల ఆలోచన

నేను ఒక చెవిని. అరచేతిలో ఇమిడే వాయిస్ రికార్డర్‌ని అంటే మీకు సులువుగా అర్థమవుతుంది. బుర్రంటూ లేని నాకు మనుషుల బుర్రలో ఏముందో తేల్చే పని అప్పగించారు. ఆ చదువుకున్నవాళ్ళ తెలివికి దండం పెడదామంటే నాకు చేతులు కూడా లేవు.

నన్ను ఎక్కడ తయారుచేశారో నాకే సరిగా తెలియదు. ఊహ తెలిసేసరికి బెజవాడలో ఒక విలేకరి జేబులో ఉన్నాను. నాయకులు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు కదా, ఈలోపు బ్యాటరీ దండగని ఆయన నన్నొక పద్ధతికి అలవాటు చేశాడు. మాట వినిపిస్తే పనిచేస్తాను, వినిపించకపోతే ఆగిపోతాను. ఆ సంగతి చెప్పకుండానే మేనకోడలు సునందకు నన్ను ఇచ్చేశాడు.

సునంద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఒకే చిక్కును మనిషి ఎలా విప్పుతాడు, కృత్రిమ మేధ ఎలా విప్పుతుంది అన్నది ఆమె విషయం. మనిషిగా దొరికినవాడు మస్తాన్‌వలి, గుంటూరులో స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా కటింగ్ మాస్టరు. యజమాని కోటిలింగం పరీక్షకు సంతోషంగా ఒప్పుకున్నాడు. మాస్టరును ఉంచాలో, కృత్రిమ మేధతో కత్తిరించే మిషన్ పెట్టుకోవాలో మీ రిపోర్టు చూసి తేల్చుకుంటానని మాస్టరు ముందే అన్నాడు.

పరీక్ష ఇదీ: చాలీచాలని గుడ్డ తానులో నలభై చొక్కాల ముక్కలు పట్టించాలి. మనసులో తోచిందల్లా పైకి చెబుతూ చెయ్యమంది సునంద. అది వాళ్ళ పద్ధతి.

"నోరాడితే చెయ్యి ఆగుద్దమ్మా," అన్నాడు మస్తాన్‌వలి.

ఎదురుగా ఉంటే ఆయన ఆలోచన చెడుతుందని, నన్ను కుర్చీ మీద పెట్టి ఆమె బయట కూర్చుంది. అదీ పద్ధతే. అరగంటసేపు ఆ మనిషి గుడ్డ తాను చుట్టూ తిరిగాడు. సుద్దతో గీశాడు, చెరిపాడు, గొంతుక్కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అంతసేపట్లో నోరు విప్పింది రెండుసార్లే. నలభై చొక్కాలూ పట్టి, గుడ్డ ఇంకా మూర మిగిలింది.

కృత్రిమ మేధకు మూర మిగల్లేదు. పైగా ఒక చొక్కా తగ్గింది. కానీ తానెలా ఆలోచించిందో అది ఆరు పేజీలు వివరించింది. నోరున్నవాడిదే రాజ్యం. నా దగ్గర మస్తాన్‌వలి ఆలోచన తొమ్మిది సెకన్లుంది.

సునందకు అప్పుడు తప్పు తెలిసింది. అరగంట మౌనం నేను మింగేశానని ప్రొఫెసర్‌కు చెప్పింది. థీసిస్ ఇవ్వడానికి వారమే గడువు.

"రికార్డులో లేనిది మనకు లేనట్టేనమ్మా. చేతి అలవాటు అని రాసెయ్యి," అన్నాడాయన.

రాసేసింది. అలవాటైతే మిషన్‌కైనా నేర్పుకోవచ్చులే అనుకున్నాడు కోటిలింగం. మిషన్ వచ్చింది, మాస్టరు ఇంటికెళ్ళాడు. మిగిలిన మూర గుడ్డ ఎవరికీ గుర్తులేదు. మనుషుల న్యాయం చూస్తే నాకు అసహ్యం వేస్తుంది, అందులో నా వాటా చూసుకుంటే మరీను.

రెండు నెలలకు మస్తాన్‌వలి సునంద గది వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి తలుపు మీద ఆమె పేరు ముందు డాక్టర్ అని చేరింది. తను ఎంత ఆలోచించాడో ఆ పెట్టెలో ఉంటుంది కదా, అది ఒక్కసారి ఓనరుకు వినిపిస్తే మళ్ళీ పనిలోకి పిలుస్తాడని ఆయన ఆశ. ముందు తనకు వినిపించమన్నాడు. ఆమె మింగలేక కక్కలేక మీట నొక్కింది.

"ఇట్టా కాదు... ఊఁ, ఇట్టా."

ఇంకా ఉందేమోనని ఆయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత నన్ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఇంతేనా నేను ఆలోచించింది?" అన్నాడు. "అయితే ఓనరు గారు చేసింది న్యాయమేనమ్మా. నేనే నాకేదో పెద్ద బుర్రుందనుకున్నా."

చెప్పాల్సినదంతా సునందకు తెలుసు. ఆయన మెట్లు దిగేదాకా ఆగి, నన్ను సొరుగులో పెట్టి తాళం వేసింది.