అవిసె మొగ్గలు

మాచ్‌ఖండ్ కాలనీలో క్వార్టరు మారిన నెలకే ఇందుమతి పెరట్లో ఉన్న చెట్టు మొగ్గ తొడిగింది. మనిషికి రెండింతల ఎత్తు. పొడుగాటి తెల్ల మొగ్గలు తలకిందులుగా వేలాడుతుంటే చూడముచ్చటగా ఉండేది. దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. ముందున్నవాళ్లు ఎక్కడి నుంచో కొమ్మ తెచ్చి పాతారని మాత్రం పక్కింటి అసిరయ్య చెప్పాడు. భర్త దేవప్రసాద్, పవర్‌హౌస్‌లో ఆపరేటరు, ఫోనులో వెతికితే మూడు పేర్లు వచ్చాయి. ఏదీ నమ్మలేక వదిలేశాడు.

ఇందుమతి ఒక మొగ్గ కోసి, అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి, పార్వతీపురంలో ఉన్న అక్క ప్రసన్నలక్ష్మికి పంపింది. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ అక్కే. వంటకైనా, వైద్యానికైనా అక్క మాటకు తిరుగులేదు. కాసేపట్లోనే జవాబు వచ్చింది.

"అవిసి మొగ్గలే అమ్మీ. ఉల్లిపాయలేసి ఏపుడు సెయ్యి. అమ్మ సేసేది కాదా, మర్సిపోనావా?"

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో శుక్రవారం అది. ఇందుమతికి ఉపవాసం. మధ్యాహ్నం భర్తకు మాత్రం వేపుడు చేసి పెట్టింది. కాస్త చేదుగా ఉందంటూనే ఆయన పళ్లెం ఖాళీ చేశాడు.

గంట తిరగకుండానే నోరెండిపోతోందని చెంబెడు నీళ్లు తాగాడు. ముఖం ఎర్రబడింది, ఒళ్లు కాలిపోతోంది. గాలిలోంచి కనబడని దారాలేవో లాగి వేళ్లకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇందుమతి భుజం పట్టుకుంటే తన తల్లి అనుకుని, ఇవాళ బడికి వెళ్లనని బతిమాలాడు. అసిరయ్య పరుగున పోయి జీపు తెచ్చాడు. ఘాట్ దారి పొడవునా దేవప్రసాద్ ఆ దారాలు తీస్తూనే ఉన్నాడు.

జయపురం ఆసుపత్రిలో డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూసి, ఏం తిన్నాడని అడిగాడు. అవిసె పువ్వని చెప్పింది ఇందుమతి. అది తింటే ఇలా కాదనీ, చెట్టు చూపించమనీ అన్నాడాయన. వెంట వచ్చిన అసిరయ్య ఇంటికి ఫోను చేస్తే, అతని భార్య ఆకులతో సహా కొమ్మంతా ఫోటో తీసి పంపింది. వార్డు ఊడ్చే, అక్కడి దేసియా భాష మాట్లాడే ముసలామె తొంగిచూసి, "దుదురా" అంది. ఉమ్మెత్త. డాక్టరు తలూపాడు.

పొలం గట్ల మీది ఉమ్మెత్త ఇందుమతికి తెలియనిది కాదు. దాని పువ్వు పైకి చూస్తుంది. ఆ జాతిదే చెట్టంత ఎదిగి, నేలకేసి పూస్తుందని ఎప్పుడూ వినలేదు.

దేవప్రసాద్‌ది ముందే జబ్బు గుండె. మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. ఎవరు తినమన్నారని పోలీసులు అడిగితే, ఎవరూ చెప్పలేదనీ, తానే పొరబడ్డాననీ రాసిచ్చింది. అక్కకు మాత్రం ఫోనులో గుండెపోటని చెప్పింది.

సమాధి కార్యక్రమం అయ్యాక, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిన ప్రసన్నలక్ష్మి ఎంతకూ లోపలికి రాలేదు. ఇందుమతి వెళ్లి చూసింది. అక్క ఆ చెట్టు కింద నిలబడి, చేతిలో ఒక ఆకు తిప్పి చూస్తోంది.

"అవిసాకు సింతాకులాగుంటాది గదే. ఇదేటి, ఇంత వెడల్పు?"

"అది పారేసి సేతులు కడుక్కో అప్పా."

"మరిదికి ఏటి ఒండేవే?"

ఇందుమతి ఆ ఆకు లాక్కుని పారేసింది. ఆసుపత్రిలో, సమాధి దగ్గర, దాచాలనే అనుకుంది. ఇప్పుడు అబద్ధమాడలేక, "ఈ మొగ్గలే" అంది. ప్రసన్నలక్ష్మి తలెత్తి, వేలాడుతున్న మొగ్గలకేసి చూసింది.

"నేనే సెప్పేను" అంది.

"సెప్పేవు. నువ్వు సూసింది మొగ్గే. ఆకు నేను పంపలేదు. ఒండిందీ నేనే."

అంతకు మించి ఒకరినొకరు ఓదార్చుకోలేకపోయారు. మర్నాడు అసిరయ్య చెట్టు మొదలంటా నరికి, వేళ్లు తవ్వి తీశాడు. వారం ఉంటానని వచ్చిన అక్క ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను చేస్తుంది. ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది, వానల సంగతి చెబుతుంది. ఏం వండుకున్నావని మాత్రం అడగదు.