బూడిద వేసిన అంబలి

దియా, ఆ ఫోను పక్కన పెట్టి దగ్గరికి రా. లోరైన్ సంగతి నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

ఆ పొద్దున నేను కారు దిగేసరికి ఆవిడ జునిపర్ అనే చెట్టు ఆకు కాల్చి, చల్లారిన బూడిదని జల్లెడ పడుతోంది. అరవై రెండేళ్ల మనిషి. పొట్టి. మోకాళ్లు వాచి, నడిస్తే అటూ ఇటూ ఊగేది. ముంజేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం. అమెరికా మూలవాసులైన నవాహోల ఊళ్లో ముసలివాళ్ల భోజనాల సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా వంటమనిషి. మీ అమ్మ అక్కడి ఆస్పత్రిలో డాక్టరు కదా, డ్యూటీకి పోతూ నన్ను చేతిసాయానికని ఆ సెంటర్‌లో దింపేది. నేను వెళ్లిన మొదటిరోజు ఆవిడ పుల్లల కట్టతో అంబలి తిప్పుతుంటే, చీపురు పెట్టిందేమిటని గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. వాళ్లమ్మ కట్టిచ్చిన పుల్లలట.

ఇరవై ఏళ్లూ ఏం వండిందనుకున్నావు? ప్రభుత్వం లారీలో దింపిన మైదా, పాకంలో ముంచిన డబ్బా పళ్లు. తిన్నవాళ్లు చక్కెర జబ్బుతో కాళ్లు తీయించుకుంటుంటే చూసి చూసి, ఆరుగురు ఆడవాళ్లని పోగేసి సెంటర్ వెనకాల నీలం మొక్కజొన్న వేసింది. ఆవేళ మొదటి పంట అంబలి. అందులో చిటికెడు చిటికెడుగా ఆ బూడిద. ఎముకలకి బలమని మీ అమ్మే చెప్పింది.

పదకొండింటికి పై ఆఫీసు మనిషి వచ్చాడు. బూడిద తిండి కాదన్నాడు, దానికి పర్మిషన్ కాగితం లేదన్నాడు. నలభై మందికి కాచిన అంబలి మా కళ్లముందే సింకులో పోశాడు. పాకం పళ్లకి మాత్రం కాగితం ఉంది.

"నీ డబ్బాల్లో ఏముందో మా కాళ్లనడుగు," అంది లోరైన్, గొంతు పెంచకుండా.

ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. ఆ మధ్యాహ్నం డయాలసిస్‌కి పోవాలి, తప్పితే గుండెకే ముప్పు. పోలేదు. మీ అమ్మకి ఫోన్ చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది, నేనూ ఊరుకున్నాను. ఆ తప్పు నాది. ఇంటికెళ్లి ఆ ఆరుగురితో మళ్లీ వండి, నన్నూ ఎక్కించుకుని తన ట్రక్కులో గుమ్మం గుమ్మానికీ తిప్పింది. పళ్లు లేని ఒక ముసలావిడ చెంచాడు తాగి ఏదో గొణిగింది. ఏమందని అడిగితే లోరైన్ మొహం తిప్పేసుకుంది. "వాళ్లమ్మ చేసినట్టుందట."

చివరి ఇంటి ముందు ఆపి, "ఇది నువ్వు ఇచ్చిరా, సిస్టర్," అంది. గిన్నె ఇచ్చి వచ్చేసరికి చెయ్యి స్టీరింగ్ మీద అలాగే ఉంది. ఊపిరి లేదు.

ఆ ఆరుగురూ మర్నాడే సెంటర్ గేటు బయట పొయ్యి పెట్టారు. ఇప్పటికీ అక్కడే వండుతున్నారు. కాగితం ఇంకా రాలేదు.

మీ స్కూల్లో ఈ నేల మనుషులంటే ఈకలూ గుడారాలూ చూపిస్తారు. నువ్వు లేచి లోరైన్ గురించి చెప్పు. బూడిదేమిటని ఎవరైనా నవ్వితే మళ్లీ మొదటినుంచి చెప్పు. ఇంకేది మరిచిపోయినా ఇది మరవకు తల్లీ: ట్రక్కులో ఆవిడ పక్క సీటు మీద పుల్లల కట్ట, కొసలకి అంటుకున్న నీలం పిండి ఇంకా తడారలేదు.