చక్రం కింద స్టీలు గ్లాసు

ఆదివారం పొద్దున వంటింట్లోకి రాగానే కోమల ముందు పొయ్యి ముట్టించదు, కిటికీ తెరుస్తుంది. కిటికీలోంచి చూస్తే ఇంటి పక్క సిమెంటు గచ్చు, దాని మీద పాత ఫియట్ కారు, కారు కింద నుంచి బయటికి చాచిన రెండు పాదాలు కనబడతాయి. ఆ పాదాలు ఆమె మొగుడు జగన్నాథ్‌వి. అప్పుడప్పుడు బొటనవేలు కదులుతుంది. కదులుతున్నంతసేపూ ఆమె చేతిలో పని సాగుతుంది. కదలకపోతే కత్తిపీట మీద వంకాయ సగంలో ఆగిపోతుంది.

"ఏమండీ, ఈపొద్దు చారు పెట్టేదా, పులుసు పెట్టేదా?"

"ఏదో ఒకటి పెట్టు."

మాట వచ్చింది. ఇక కాసేపటిదాకా ఫరవాలేదు. ఆ తర్వాత మళ్ళీ ఏదో ఒకటి అడగాలి. వంకాయలో శనగపప్పు వేసేదా, పిల్లోళ్ళకు అప్పడాలు వేయించేదా, మీ చొక్కా ఉతికేకి వేసినారా.

"ఇన్నేండ్లు సంసారం చేసి, నన్నడిగే ఇంకా వంట చేస్తా ఉండావా?" అని అతను కారు కింద నుంచే విసుక్కునేవాడు. ఎంత విసుక్కుంటే ఆమెకు అంత నెమ్మది.

హోసూరులో వాళ్ళది వేరుశనగ నూనె వ్యాపారం, అంగడి ఇంటి ముందరే. మామగారి కాలంలో ఎద్దు గానుగ ఉండేది. జగన్నాథ్ చేతికి వచ్చాక మిషను పెట్టాడు. గానుగ పెరట్లో ఒక మూల పడి, కోళ్ళు ఎక్కే చోటయింది. కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతకూ కల్లావి పక్క పల్లెలకూ కాయ బేరానికి పోవడానికని బెంగుళూరు నుంచి ఈ కారు తెచ్చాడు. తెచ్చింది మొదలు దాన్ని మెకానిక్ చేతికి ఇవ్వలేదు. మిషను విప్పి బిగించేవాడికి కారు ఒక లెక్కా అనేవాడు.

కారుతో పాటు ఒక మర తిప్పే జాక్ వచ్చింది. ఒక ఆదివారం అది పక్కకు ఒరిగి జారిపోయింది. ఆ సమయానికి జగన్నాథ్ స్పానర్ కోసం లోపలికి వచ్చి ఉన్నాడు. దబ్బుమన్న చప్పుడుకు కోమల పరుగెత్తుకొచ్చి చూసింది. చక్రం విప్పిన చోట ఇనుప బ్రేకు డ్రమ్ము గచ్చును పగలగొట్టుకుని దిగి ఉంది. అతను తల కింద వేసుకునే గోనెపట్టా కారు కిందే ఉంది. మడతలో తల ఆనిన గుంట ఇంకా చెదరలేదు.

జగన్నాథ్ వెనకే వచ్చి చూసి నవ్వాడు. "మంచి గుంత పడింది. కుక్కకు నీళ్ళు పోసి పెట్టొచ్చు."

"మీరు గాని కింద ఉండింటే..."

"నోరు ముయ్యి కోమలా." గడపలో నుంచి అత్తగారు రామలక్ష్మమ్మ అంది. "అట్లాంటి మాట పైకి అనకూడదు. తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు."

ఆ ఇంట్లో చెడ్డమాటకు చోటు లేదు. దీపం ఆరితే కొండెక్కిందనాలి. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. కారు మనిషి మీద పడితే ఏమనాలో మాత్రం కోమలకు ఎవరూ చెప్పలేదు. అందుకని ఆ మాట ఆమె లోపలే ఉండిపోయింది. బయటికి చెప్పుకోని భయం కదా, అన్నం తింటున్నా నీళ్ళు తోడుతున్నా దాని పని అది చేసుకుపోతూనే ఉండేది.

"కొత్త జాక్ కొనేదాకా ఆ కారు కిందికి పోవద్దండీ" అంది ఆ రాత్రి. "పోతే నేను మా అక్కింటికి పోతా."

"కృష్ణగిరికేనా? అయితే ఇద్దరమూ పోదాం పద. లారీ సామాన్ల అంగళ్ళన్నీ ఆడనే ఉండాయి."

కృష్ణగిరిలో పెద్ద రోడ్డు పక్కన కేశవప్ప అంగడి. మనిషి బారెడు పొట్టతో, చెవిలో బీడీతో, ఇనుప సామాన్ల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆడమనిషి కూడా అంగట్లోకి రావడం చూసి స్టూలు ఖాళీ చేశాడు.

"ఇంటికాడ వాడేకి ట్రాలీ జాక్ కావాల" అన్నాడు జగన్నాథ్.

కేశవప్ప రెండు జాక్‌లు బయటికి లాగించాడు. రెండూ చిన్న చక్రాల మీద దొర్లేవే, పిడి పట్టుకుని పైకీ కిందికీ కొడితే లేచేవే. ఒకటి ఎర్ర రంగుతో నిగనిగలాడుతోంది. చేత్తో ఎత్తితే తేలిగ్గా లేచింది. రెండోది నల్లగా, మొరటుగా, వాకిట్లో రుబ్బురోలు మాదిరి బరువుగా ఉంది.

జగన్నాథ్ ఎర్రదాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఇది బాగుంది. నువ్వు కూడా లాగొచ్చు కోమలా."

"నేనెందుకు లాగతా? ఏది దిగకుండా నిలుస్తాదో అది కావాల."

"రెండూ నిలిచేవే అమ్మా" అన్నాడు కేశవప్ప.

"నిలిపి చూపించప్పా. ఒకటి మా కారు కింద పెట్టు. ఒకటి నీ వ్యాన్ కింద పెట్టు. మేము మా అక్కింట్లో భోజనం చేసి వస్తాం."

కేశవప్ప చెవిలో బీడీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మా అంగడికి కలెక్టరాఫీసు డ్రైవర్లు వస్తారు, లారీ ఓనర్లు వస్తారు. పరీక్ష పెట్టిన మొదటి మనిషి నువ్వేనమ్మా. యాల ఇంత భయం?"

కోమల "ఊరికే" అంది.

"పెండ్లిచూపులు మాదిరి చూస్తుంది లే, పెట్టప్పా" అన్నాడు జగన్నాథ్. "నన్ను చూసుకునేటప్పుడు ఇంత చూసుకోలేదు."

ఎర్ర జాక్‌తో వ్యాన్‌నూ నల్ల జాక్‌తో ఫియట్‌నూ లేపారు. కోమల తన బుట్టలో నుంచి రెండు స్టీలు గ్లాసులు తీసింది. ప్రయాణంలో నీళ్ళు తాగడానికి తెచ్చుకున్నవి. పెండ్లికి వచ్చిన జత. ఒకదాని అంచు మీద ఆమె పేరు, ఒకదాని మీద అతని పేరు చెక్కి ఉన్నాయి. పైకి లేచిన ఒక్కో చక్రం కింద ఒక్కో గ్లాసు నిలబెట్టింది. ఏ గ్లాసు ఎక్కడ పెడుతోందో అప్పుడు చూసుకోలేదు.

అక్క ఇంట్లో రెండు ముద్దలు తిని లేచేసింది. తిరిగి వచ్చేసరికి ఫియట్ చక్రం కింద గ్లాసు అట్లాగే ఉంది. వేలితో తోస్తే సులువుగా జరిగింది. వ్యాన్ చక్రం కింద గ్లాసు మాత్రం నడుము వంగి, మూతి అణిగి, టైరుకూ నేలకూ మధ్య ఇరుక్కుని ఉంది. కేశవప్ప వ్యాన్ మళ్ళీ లేపితే కోమల దాన్ని బయటికి తీసింది. అంచు మీద 'జగన్నాథ్' అన్న అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి మడతపడి ఉన్నాయి.

మొగుడు చూడకముందే దాన్ని కొంగులో చుట్టి బుట్ట అడుక్కు తోసింది.

"నల్లది ఇచ్చెయ్యప్పా" అంది.

జాక్‌ను డిక్కీలో పెడుతూ కేశవప్ప చెప్పాడు. "ఏ జాక్ అయినా లేపేకి మాత్రమే అప్పా. లేపినాక పక్కన కట్టె దిమ్మెలు పెట్టుకో, ఆమీటనే కిందికి దూరు. లోపల ఆయిలు తగ్గితే నా కాడికే రా. దీనికి వేరే ఆయిలు ఉండాది, ఇంకే నూనే పోయొద్దు."

"సరే సరే" అన్నాడు జగన్నాథ్. దారిలో కోమల దిమ్మెల మాట ఎత్తితే, ఇంటికి పోయినాక చూద్దాంలే అన్నాడు.

ఇంటికి పోయినాక ఎవరూ చూడలేదు. నల్ల జాక్ కారును పట్టుకుని రాయిలాగా నిలబడింది. ఒక ఆదివారం నిలిచింది, మరో ఆదివారం నిలిచింది. వంగిన గ్లాసు అటక మీద ఇత్తడి గుండిగలో దాక్కుంది. తాను ఎంచిన జాక్, తాను పరీక్ష పెట్టిన జాక్ అనే ధైర్యం కోమలకు వచ్చింది. కిటికీ తెరవకుండానే పొయ్యి ముట్టించే ఆదివారాలు వచ్చాయి. చారు పెట్టేదా అని అడగడం మానేసింది. దిమ్మెల సంగతి జగన్నాథ్ కంటే ముందు ఆమే మరిచిపోయింది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం, సైలెన్సరు బిగించాలని జగన్నాథ్ ముందు చక్రం ఒకటి విప్పి కారు కింద దూరాడు. ఎండ ఎక్కుతోందని కోమల గ్లాసులో మజ్జిగ పోసుకుని గచ్చు మీదికి వచ్చింది. చేతిలో ఉన్నది తన పేరున్న గ్లాసు.

గచ్చు మీద చీమల బారు పోతోంది.

పెరటి గోడ నుంచి సన్నగా, నల్లగా, దారం పరిచినట్టు కారు కిందికే పోతోంది. పిల్లోళ్ళు బెల్లం పారేసినారేమోననుకుని ఆమె ఆ బారు వెంబడి చూపు సాగించింది. చీమలు జాక్ దగ్గరికి పోయి దాని చుట్టూ ముసురుకున్నాయి. జాక్ కింద గచ్చు తడిగా మెరుస్తోంది.

కోమల వంగింది. వేరుశనగ నూనె ముక్కిన వాసన. ఆ ఇంట్లో నూనె వాసన కొత్త కాదు. తలుపులకుంటుంది, దుప్పట్లకుంటుంది, మొగుడి చొక్కాలకుంటుంది. కానీ చొక్కాకు చీమలు పట్టవు. మిషను ఆయిలుకూ పట్టవు. అది ఇంటి డబ్బాలో నూనె. కేశవప్ప పోయవద్దన్న నూనె జాక్ లోపల ఉంది. పోసిన చోట ఉండకుండా బయటికి కారుతోంది.

అరవాలనుకుంది. అరిస్తే అతను ఉలిక్కిపడి లేస్తాడు, తల ఇనుముకు కొట్టుకుంటాడు, కాలు జాక్‌కు తగులుతుంది. మజ్జిగ పక్కన ఒంపేసి, ఖాళీ గ్లాసును చక్రం విప్పిన డ్రమ్ము కిందికి తోసింది. గ్లాసు అంచు డ్రమ్మును రాసుకుంటూ లోపలికి పోయింది. కాసేపాగి మళ్ళీ వెనక్కి లాగింది.

రాలేదు.

ఇంకోసారి లాగింది. వేళ్ళు జారాయి గాని గ్లాసు కదల్లేదు. కారు దిగుతోంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. తడి ఆరినంత మెల్లిగా దిగుతోంది. కింద జగన్నాథ్ ఏదో సినిమా పాట కూనిరాగం తీస్తున్నాడు. బొటనవేలు తాళం వేస్తోంది.

బయటికి రండి అంటే రాడు. ఈ ఒక్క నట్టు అంటాడు. జాక్ దిగతా ఉంది అంటే నవ్వుతాడు, నువ్వు ఎంచిన జాకే కదా అంటాడు. ఏం చెబితే ఈ మనిషి చేతిలో పని వదిలిపెట్టి వస్తాడు? ఇన్నేండ్ల సంసారంలో తెలిసిన సమాధానం ఒక్కటే దొరికింది.

"ఏమండీ" అంది. గొంతు మామూలుగానే వచ్చింది, ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. "సేల్స్ టాక్స్ వాళ్ళు వచ్చినారు. అంగట్లోకి పోతా ఉండారు."

పాట ఆగింది. "ఆదివారమా?"

"జీపులో వచ్చినారు. తొందరగా రండి."

పాదాలు గచ్చును తన్నాయి. మోకాళ్ళు వచ్చాయి, తర్వాత నడుము వచ్చింది. అక్కడ ఆగింది. చొక్కా దేనికో పట్టుకుంది.

"ఉండు, చొక్కా..."

కోమల గ్లాసు వదిలి అతని రెండు కాళ్ళూ పట్టుకుని, బావిలో నుంచి నిండు బిందె లాగినట్టు లాగింది. గుడ్డ చిరిగిన చప్పుడయింది. వీపు గచ్చు మీద గీసుకుంటూ భుజాలు వచ్చాయి, చివరికి తల వచ్చింది.

"నీకేమన్నా పిచ్చా? యాడ? యాడుండారు వాళ్ళు?" జగన్నాథ్ లేచి, చేతులు తుడుచుకుంటూ వీధి వైపు చూశాడు. జీపూ లేదు, మనుషులూ లేరు. కోపంగా ఆమె వైపు తిరిగాడు.

కోమల కారు వైపు చెయ్యి చూపించింది.

డ్రమ్ము కింద గ్లాసు నడుము వంచుతోంది. ఇద్దరూ చూస్తూ ఉండగానే అది పక్కలకు ఉబ్బి, మడతపడింది. ఆ పైన జాక్ ఒక్కసారి నిట్టూర్చినట్టు నూనె కక్కి కూలింది. కారు ఒక పక్కకు ఒరిగి, పాత గుంత పక్కనే, గోనెపట్టా మీదికి దిగింది. గుమ్మంలో ఉన్న రామలక్ష్మమ్మ చేతిలో చేట జారి బియ్యం చెల్లాచెదరయ్యాయి.

చీమలు మాత్రం తమ దారిన తాము పోతున్నాయి.

"మొన్న జాక్ సరిగ్గా లేయలేదు" అన్నాడు జగన్నాథ్ మెల్లిగా. "ఆయిలు తగ్గిందని మన డబ్బాలోది పోసినాను. వడకట్టిన నూనె. మన దానికంటే శుద్ధమైంది యాడ దొరుకుతాదిలే అనుకున్నా."

రామలక్ష్మమ్మ గచ్చు మీదికి దిగి వచ్చింది. కొడుకు వీపు మీద చిరిగిన చొక్కా పక్కకు తీసి, గీసుకుపోయిన చర్మం చూసింది. కారు కింద పట్టా వైపు చూసింది.

"కింద ఉండింటే చచ్చింటాడు" అంది.

అనేసి, ఏమన్నదో అప్పుడు వినిపించినట్టు కొంగుతో నోరు మూసుకుంది. కోమల ఆమె పక్కనే గచ్చు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తన లోపల మోసిన మాట అది. ఇంకొకరి నోట పైకి వచ్చింది.

ఆ వారంలోనే రామలక్ష్మమ్మ వడ్లాయనను పిలిపించి పెరట్లో గానుగ చూపించింది. ఆయుధపూజకు ఏటా బొట్టు పెట్టే గానుగ. దాన్ని కోయించడానికి ఇంతకుముందు ఎవరు అడిగినా ఒప్పుకోలేదు. "మీ మామ ఉండింటే ఆయనే కోయించి ఉంటాడు" అని కోమలతో అని, రంపం చప్పుడు వినలేక లోపలికి పోయింది. చేవదేరిన కట్టె నుంచి నాలుగు దిమ్మెలు వచ్చాయి. జగన్నాథ్ జాక్‌ను కేశవప్ప దగ్గరికి తీసుకుపోయి లోపలి రబ్బర్లు మార్పించుకొచ్చాడు. ఆయన ఏమన్నాడో ఇంట్లో చెప్పలేదు.

తర్వాతి ఆదివారం కారు లేచింది. దిమ్మెలు కిందికి పోయాయి. జగన్నాథ్ జాక్ దించి, కారు బరువంతా కట్టె మీదికి వచ్చాక, రెండు చేతులతో కారును ఊపి చూశాడు. కదల్లేదు. వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి కిందికి దూరాడు.

కోమల కత్తిపీట ముందర కూర్చుంది. వంకాయ చేతిలో ఉంది. కోయలేదు. ఈ ఒక్కసారికి అడగకుండా ఉందామనుకుంది. దిమ్మెలున్నాయి కదా అని తనకు తానే చెప్పుకుంది. పాదాలు కదలడం లేదు. ఇంకా కదలడం లేదు. నోరు తెరవబోయింది.

"కోమలా" అని కారు కింద నుంచి వినబడింది. "ఈపొద్దు చారా, పులుసా?"

ఆమె వంకాయ పక్కన పెట్టి కిటికీ వైపు చూసింది.

"కోమలా, అడిగితే చెప్పవేమి?"

"పులుసు" అంది, కొంగుతో ముఖం తుడుచుకుని. "వంకాయ పులుసు పెడతా ఉండా."

"సరే" అన్నాడు అతను. కాసేపాగి మళ్ళీ అడిగాడు. "అప్పడాలు వేయిస్తావా?"