తొట్టిలో తిమ్మిరి చేపల జంట

నాకు ముక్కు మీదే కోపం. చేపల ప్రదర్శనశాలలో మేత వేసే ఉద్యోగం కాబట్టి సరిపోయింది. చేపలు నా అరుపులు పట్టించుకోవు.

ఆ రోజు మాత్రం మేనేజరుగారి మీద అరిచాను. ఆయన తిమ్మిరి చేపల తొట్టి ముందు నిలబడి, "ఈ ఆడది గొడ్డుది. ఎన్నాళ్ళు మేపినా ఒక్క పిల్లను పెట్టలేదు. కాలేజీవాళ్ళు కోసి చూడ్డానికి అడుగుతున్నారు, ఇచ్చేద్దాం. మగదానికి ఇంకో జోడీ తెద్దాం," అన్నారు.

"లోపం దానిదేనని మీకెవరు చెప్పారు?" అన్నాను.

ఆయన బిత్తరపోయారు. చేప గురించి ఇంత కోపమేమిటని ఆయన ఆశ్చర్యం. నా పెళ్ళయి ఆరేళ్ళు, ఇంకా పిల్లల్లేరు. మందులు, సూదులు, పరీక్షలు అన్నీ నాకే. మా ఆయన మంచివాడే కానీ, "నాకేంటి, గుండ్రాయిలా ఉన్నాను," అంటాడు. అత్తయ్యా చెడ్డమనిషి కాదు. ఎవరైనా అడిగితే మాత్రం, "మా కోడలికే ఒంట్లో ఏదో లోపం," అని సర్దిచెబుతుంది. అసలే పుండు, ఆ పైన కారం.

"డాక్టరమ్మ చూడకుండా దాన్ని పంపడానికి వీల్లేదు," అని భీష్మించుకు కూర్చున్నాను.

చేపల డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చింది. నేను ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని అత్తయ్యా అప్పుడే వచ్చింది. రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు చేపలనూ వలతో తీసి, నీళ్ళు పోసిన తెల్ల ట్రేలో పక్కపక్కనే పెట్టాం. ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు చెయ్యి మొద్దుబారుతుందన్న భయంతో ఇన్నాళ్ళూ వాటిని ఎవరమూ ఇసుకలోంచి కదపలేదు.

డాక్టరమ్మ వంగి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"కళ్ళ వెనక ఈ ఊపిరి రంధ్రాలు చూడు. మగదానికి అంచు చుట్టూ పొడుగాటి కుచ్చులున్నాయి. ఈ ఆడదానికి చిన్న చిన్న బుడిపెలే. దీని ఒంటి మీద మగదానికున్న మరకలు లేవని రోగమనుకున్నాం కదా, దీని రంగే అంత. ఇవి దగ్గరి చుట్టాలే కానీ ఒకే జాతి కాదు. ఇక పిల్లలెక్కణ్ణుంచి వస్తాయి? జంట అంటే నేనూ నమ్మేశాను."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. కొన్నది మేనేజరుగారు, నింద దానికి.

ఆయన తల గోక్కున్నారు. "సరే, కాలేజీవాళ్ళకు లేదని చెప్పేస్తాను. దీని జాతి మగదాన్నే వెతుకుదాం."

దాన్ని మెల్లగా తొట్టిలోకి వదిలాను. అది ఇసుక ఎగజల్లుకుని కళ్ళ దాకా కప్పుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

అత్తయ్య తొట్టి అద్దం దగ్గరికి వంగి దాన్ని చూసింది.

"నోరులేనిది, పాపం. ఇన్నాళ్ళూ దీన్నే అన్నారా?"

"దీన్నే అన్నారు."

"మగదాన్ని ఎవరూ చూడనే లేదా?"

"లేదత్తయ్యా."

ఆవిడ డబ్బా మూత తీసి, నేను తినేదాకా పక్కనే కూర్చుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మా ఆయనకు ఫోను చేసింది.

"ఒరేయ్, రేపు సెలవు పెట్టు. ఆసుపత్రికి వెళ్ళాలి. దానికి కాదురా, నీకు."