శారద దగ్గర ఆగిన పని

జనగామలో ఎరువుల దుకాణం పైన కరుణాకర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పత్తి రైతులు మిల్లుకు రావాల్సిన రోజును ఫోన్‌లో ఖాయం చేసుకునే యాప్ వాళ్లది. నలుగురు కోడ్ రాస్తే, అందులో తప్పులు పట్టేది శారద ఒక్కతే. ఆమెది గార్ల దగ్గరి తండా.

పని రెండేసి వారాల విడతలుగా, వాళ్ల మాటలో స్ప్రింట్లుగా, సాగేది. మధ్యలో ఏ తప్పు బయటపడినా తర్వాతి స్ప్రింట్ దాకా ఆగాల్సిందే. ఒకసారి కేసముద్రం వైపు రైతులకు తేదీలు తప్పు పడ్డాయి. పది నిమిషాల్లో సరిచేయగలిగేది పదకొండు రోజులు ఆగింది. ట్రాక్టర్లతో వచ్చి తిరిగిపోయినవాళ్ల తిట్లన్నీ శారదే పడింది.

ఆ వారమే ఆమె కరుణాకర్‌ను అడిగింది.

"సార్, గీ రెండు వారాల పద్ధతి తీసేద్దాం. అయిన పని అయినట్టే పంపుదాం. కానీ ఒక్కొక్కల దగ్గర మూడు పనులే ఉండాలె. ఎవరి దగ్గరనన్న నిండితే కొత్తది ముట్టకుండ అందరం అటు సాయం పోవాలె."

కరుణాకర్‌కు నచ్చింది. ఎవరి దగ్గర ఎన్ని పనులున్నాయో చూపే బోర్డు గోడకు వెలిసింది. నెల తిరిగేసరికి, పొద్దున వచ్చిన ఫిర్యాదు మధ్యాహ్నానికే తీరిపోసాగింది. ఆ ఊపులో ఆయన భూపాలపల్లి, మహబూబాబాద్ మిల్లుల పనులూ ఒప్పుకున్నాడు.

"మూడేంది శారదా? ఆపొద్దనే గద నువ్వు చెప్పింది!" అని ఆ హద్దు ఎత్తేశాడు.

నలుగురు రాసిందంతా వచ్చి ఆమె మీదే పడింది. "వివేకన్నా, జర రెండు చూడరాదే," అని పక్క సీటులో కోడ్ రాసే అతణ్ణి బతిమాలింది. "నా చేతిల కొత్తయి ఐదున్నయి," అన్నాడు వివేక్ తల తిప్పకుండా. ఇదివరకు స్ప్రింట్ ముగిసిన సాయంత్రమైనా ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు ముగింపే లేదు.

మూడో నెల మీటింగ్‌లో కరుణాకర్ తెర మీద గ్రాఫ్ చూపించాడు. "పనంత యాడ ఆగుతుందో చూడుండ్రి. శారద దగ్గర."

"ఆగుతలేదు సార్, అంత నా మీదనే పడుతుంది. మూడే ఉండాలని ముందుగాలనే చెప్పిన."

"బోర్డు తెచ్చింది నువ్వే. నీ బోర్డే చెప్తుంది."

శారద వివేక్ వైపు చూసింది. అతను ఫోన్‌లోకి చూసుకున్నాడు.

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర వివేక్ ఆమె వెనకాలే వచ్చాడు. "నేను చెప్పాల్సుండె, శారదా."

"చెప్పలే గదన్నా," అని దిగిపోయింది. ఆ సాయంత్రమే రాజీనామా పంపింది.

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటోంది. మొన్న వివేక్ మెసేజ్ పెట్టాడు: ఆమె పనికి కరుణాకర్ ఇద్దరిని తీసుకున్నాడట. శారద రెండుసార్లు చదివింది. సంతోషించాలో ఏడవాలో తెలియక, జవాబు రాయకుండానే అతని నంబరు తీసేసింది.